అంచె లేని ప్రయాణం

‘అంచెలంచెలుగా’ అని రోజూ వాడే మాటలో ఒక గుర్రం దాగి ఉంది. అంచె అంటే దారిలో గుర్రాలు మార్చుకునే మజిలీ. వార్త మోసే రౌతు అలసిన గుర్రాన్ని అక్కడ విడిచిపెట్టి, సేదతీరి సిద్ధంగా ఉన్న మరో గుర్రమెక్కి సాగిపోయేవాడు. కన్నడ దేశంలో ఉత్తరాల శాఖనే అంచె అన్నారు. 14వ శతాబ్దంలో ఢిల్లీ సుల్తానుల రాజ్యంలో తిరిగిన ఇబ్న్ బతూతా, నాలుగేసి మైళ్లకు గుర్రాలు నిలిపిన టపా ఏర్పాటును వర్ణించాడు. మంగోలు పాలకులు ఆసియా పొడవునా ఇలాంటి మజిలీలే నడిపారు. 1860 ఏప్రిల్‌లో మొదలై 1861 అక్టోబరులో మూతపడిన అమెరికన్ పోనీ ఎక్స్‌ప్రెస్ కూడా ఈ పద్ధతిలోనే మిస్సోరీ నుంచి కాలిఫోర్నియాకు దాదాపు 1,900 మైళ్లు పది రోజుల్లో ఉత్తరాలు చేర్చింది.

ఈ ఏర్పాట్లన్నిటిలో దూరం దాటింది ఉత్తరం. గుర్రం దాటింది ఒక అంచె మాత్రమే. అలసట ఒక గుర్రం నుంచి ఇంకో గుర్రానికి చేతులు మారుతూ పోయేది.

మరి అంచెలు తీసేస్తే? ఒకే మనిషి, ఒకే గుర్రం, ఎదురుగా వంద మైళ్ల దారి. ఎండ్యూరెన్స్ రైడింగ్ అనే ఆట పుట్టింది ఈ ప్రశ్నలోంచే. గుర్రం ఎంత దూరం పోగలదన్నది ప్రశ్నలో సగమే. దాన్ని ఎక్కడ ఆపాలో ఎవరు చెప్పాలన్నది మిగతా సగం. ఆ రెండో సగానికి జవాబు వెతుక్కోవడానికి మనుషులకు చాలా ఏళ్లు పట్టింది, చాలా గుర్రాల ప్రాణాలు పట్టాయి.

1892 అక్టోబరులో ఆస్ట్రియా, జర్మనీ సైనికాధికారులు ఒక పోటీ పెట్టుకున్నారు. ఆస్ట్రియా వాళ్లు వియన్నా నుంచి బెర్లిన్‌కు, జర్మన్లు బెర్లిన్ నుంచి వియన్నాకు. దూరం సుమారు 580 కిలోమీటర్లు. గుర్రం మార్చకూడదు. ఎవరు ముందు చేరితే వారిదే గెలుపు. విల్‌హెల్మ్ స్టార్‌హెంబర్గ్ అనే ఆస్ట్రియన్ ప్రభువు 71 గంటల పైచిలుకు సమయంలో బెర్లిన్ చేరి బహుమతి అందుకున్నాడు. అంటే మూడు పగళ్లు, మూడు రాత్రులు కూడా నిండలేదు. ఆయన్ని మోసుకొచ్చిన గుర్రం ఆ తర్వాత బతకలేదు. దారి పొడవునా, గమ్యం చేరాక గుర్రపుశాలల్లో కలిపి ఇరవైకి పైగా గుర్రాలు చనిపోయాయి.

వీటిని నడిపింది గుర్రాలు తెలియని మనుషులు కాదు. ఐరోపాలోకెల్లా మేటి అశ్వికదళాల అధికారులు. చిన్ననాటి నుంచి జీను మీదే పెరిగినవాళ్లు. అంత తెలిసినవాళ్ల చేతుల్లోనే ఇంత నష్టం జరిగిందంటే, లోపం రౌతుల నేర్పులో లేదు, పోటీ నియమంలో ఉంది. అక్కడ గెలుపును తేల్చింది ముందు చేరడమొక్కటే. గుర్రం కాళ్లు తడబడుతున్నప్పుడు ‘ఇక చాలు’ అనగల మూడో మనిషి ఆ దారిలో ఎక్కడా నిలబడి లేడు.

ఆ మూడో మనిషి మరుసటి ఏడాదే అమెరికాలో కనబడ్డాడు. 1893 జూన్‌లో నెబ్రాస్కాలోని చాడ్రన్ అనే చిన్న ఊరి నుంచి షికాగో ప్రపంచ ప్రదర్శనకు వెయ్యి మైళ్ల కౌబాయ్ పందెం పెట్టారు. రౌతుకు రెండేసి గుర్రాలు, గెలిచినవాడికి వెయ్యి డాలర్లు, ఒక కోల్ట్ రివాల్వరు. వియన్నా–బెర్లిన్ వార్తలు అప్పటికింకా పచ్చిగానే ఉన్నాయి. జంతు సంక్షేమ సంఘాలు పందెం ఆపాలని గట్టిగా పట్టుబట్టాయి. చివరికి కుదిరిన రాజీ ఏమిటంటే, సంఘాల ప్రతినిధులు దారిలో ఆగి ఆగి గుర్రాలను పరీక్షిస్తారు. బయల్దేరిన తొమ్మిది మందిలో జాన్ బెర్రీ పదమూడు రోజుల పదహారు గంటల్లో ముందుగా షికాగో చేరాడు. పందెం దారిని గుర్తించే పనిలో అతనికి ముందే చెయ్యుందని తక్కినవాళ్లు గొడవ చేయడంతో ఎవరు గెలిచారన్న తగువు చాలాకాలం నడిచింది. ఆ తగువు సంగతి ఎలా ఉన్నా, జనం భయపడినంత ఘోరం జరగలేదు. గుర్రం తరఫున పరీక్షించే కళ్లు దారిలో నిలబడటం ఈ ఆట చరిత్రలో చిన్న సంగతి కాదు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఆ పరీక్షకు అమెరికా సైన్యం లెక్కలు తయారుచేసింది. అశ్వికదళానికి ఏ జాతి గుర్రాలు పనికొస్తాయో తేల్చడానికి 1919 నుంచి సుదూర పరీక్షలు నడిపారు. ఐదు రోజుల్లో దాదాపు 300 మైళ్లు, అంటే రోజుకు అరవై. వీపు మీద మొదట 200 పౌండ్ల బరువు, తర్వాతి ఏళ్లలో 245 పౌండ్లు. వేగానికి కొన్ని మార్కులు, చివర్లో గుర్రం ఉన్న స్థితికి కొన్ని. ఇంకో ముచ్చటైన లెక్క కూడా ఉంది. ఐదు రోజుల్లో గుర్రం ఎంత మేత తిన్నదో తూచి దానికీ మార్కులు వేశారు. యుద్ధభూమిలో దాణా దొరకడం కష్టం కాబట్టి, తక్కువ తిని ఎక్కువ నడిచే గుర్రమే సైన్యానికి మేలు. ఉలవలు ఉడకబెట్టి గుర్రానికి పెట్టిన ఇంటివాళ్లెవరికైనా ఈ లెక్క వెంటనే బోధపడుతుంది.

మొదటి ఏడాదే వెర్మాంట్ నుంచి మసాచుసెట్స్‌కు నడిచిన పరీక్షలో గెలిచింది రామ్లా అనే అరబ్బీ ఆడగుర్రం. దాని యజమాని డబ్ల్యూ.ఆర్. బ్రౌన్. ఎత్తుగా, బలంగా కనిపించే థరోబ్రెడ్‌ల పక్కన అరబ్బీ గుర్రం పొట్టిది. చూపులకు నాజూకైనది. అయినా బ్రౌన్ గుర్రాలు ఈ పరీక్షలు మూడుసార్లు గెలిచి కప్పును శాశ్వతంగా ఆయన ఇంటికి చేర్చాయి. ఇంగ్లండ్‌లోనూ ఆ రోజుల్లోనే అరబ్బీ గుర్రాలకు ఇలాంటి 300 మైళ్ల పరీక్షలు పెట్టారు. వాటిలో పేరు తెచ్చుకున్న షాజాదా అనే మగగుర్రం తర్వాత ఆస్ట్రేలియాకు తరలింది. ఇవాళ అక్కడ ఐదు రోజుల్లో 400 కిలోమీటర్లు నడిచే పోటీ దాని పేరు మీదే జరుగుతుంది.

అరబ్బీ గుర్రం తెలుగువాళ్లకు కొత్త కాదు. హోర్ముజ్ నుంచి ఓడల మీద పడమటి రేవులకు దిగే గుర్రాల కోసం విజయనగర రాజులు ధనం కుమ్మరించారు. రేవులను బాగా చూసుకుని గుర్రాలు, ఏనుగులు, రత్నాలు తెచ్చే వర్తకులను ఆదరించాలన్న రాజనీతిని శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోనే చెప్పాడు. కాలిఫోర్నియా కొండల్లో వంద మైళ్లు నడిచే గుర్రాల్లో ఎక్కువ భాగం అదే జాతి.

ఆ కొండల్లోకే ఇప్పుడు వెళ్లాలి. ఈనాటి ఎండ్యూరెన్స్ రైడింగ్ అక్కడే రూపు దిద్దుకుంది.

ఆబర్న్ అనేది సియెర్రా నెవాడా పర్వతాల పడమటి అంచున బంగారు వేట రోజుల్లో వెలిసిన ఊరు. వెండెల్ రోబీ ఆ ఊళ్లో కలప వ్యాపారి, బ్యాంకరు, మంచు మీద స్కీయింగ్ క్లబ్బు పెట్టినవాడు, అన్నిటికన్నా ముందు గుర్రాల మనిషి. 1955 నాటికి ఆయనకు అరవై ఏళ్లు. ఈ కాలపు గుర్రం ఒక్క రోజులో వంద మైళ్లు నడవగలదా అన్న వాదన స్నేహితుల మధ్య వచ్చింది. నడుస్తుందని రోబీ పట్టుబట్టాడు. ఆగస్టు 7న టాహో సరస్సు ప్రాంతం నుంచి తన అరబ్బీ గుర్రం బాండోస్ మీద, మరో నలుగురు రౌతులతో కలిసి బయల్దేరాడు. 22 గంటల 45 నిమిషాలకు ఆబర్న్ చేరాడు. ఆ ఏడాదే కాదు, వరసగా నాలుగేళ్లు ఆయనే గెలిచాడు.

ఆయన ఎంచుకున్న దారికి తనదైన చరిత్ర ఉంది. వాషో, పాయూట్ జనం నడిచిన కాలిబాట అది. తర్వాత బంగారం కోసం, 1859 నుంచి నెవాడా వెండి గనుల కోసం ఎగబడిన మనుషులు ఆ బాట మీదే కంచరగాడిదలు తోలారు. లాస్ట్ ఛాన్స్, డెడ్‌వుడ్, మిషిగన్ బ్లఫ్ అంటూ దారిలో తగిలేవన్నీ పాత గని ఊళ్ల పేర్లు. దారి మొదట 8,750 అడుగుల ఎత్తున్న కనుమ దాటుతుంది. అక్కడి నుంచి రాళ్లూ చెమ్మా నిండిన బాట మీదుగా లోతైన లోయల్లోకి దిగుతుంది. ఆగస్టు మధ్యాహ్నం ఆ లోయల్లో ఎండ 38 డిగ్రీలు దాటుతుంది, గాలి కదలదు. దిగిన ప్రతి లోయా మళ్లీ ఎక్కాలి. కౌగర్ రాక్ అనే అగ్నిశిల మీదకు గుర్రం దాదాపు పాకినట్టు ఎక్కుతుంది. చీకటి పడ్డాక అమెరికన్ నదిని నీళ్లలో నడిచి దాటాలి.

అందుకే పోటీని పున్నమికి దగ్గరలోని శనివారం పెడతారు. చీకట్లో కొండ అంచు బాట మీద నడిచే గుర్రానికి వెన్నెలే దారి దీపం. తెల్లవారుజామున 5.15కు బయల్దేరినవాళ్లు మర్నాడు 5.15 లోపు చేరాలి. చేరిన ప్రతి ఒక్కరికీ వెండి బకిల్ ఒకటి ఇస్తారు. మొదట వచ్చినవాడిదైనా, చివరి నిమిషంలో వచ్చినవాడిదైనా బకిల్‌లో తేడా లేదు. ప్రథమ విజేతకిచ్చే కప్పుకు లాయిడ్ టెవిస్ పేరు పెట్టారు. ఆయన 19వ శతాబ్దంలో వెల్స్ ఫార్గో కంపెనీ అధ్యక్షుడు. మనవలు ఆయన పేరిట కప్పు ఇచ్చారు. గుర్రాల అంచెల మీద బండ్లు నడిపి పెద్దదైన కంపెనీ అధిపతి పేరు, అంచె లేని పోటీకి పెట్టడం విచిత్రమైన కలయిక. జనం నోట పోటీ పేరే టెవిస్ కప్ అయిపోయింది.

తొలి ఏళ్లలో ఇక్కడా అభ్యంతరాలు వచ్చాయి. ఎండలో కొండల్లో వంద మైళ్లు తోలడం హింస కాదా అని జంతు సంక్షేమ సంఘాలు నిలదీశాయి. ఆ ప్రశ్న న్యాయమైనదే. 1892 గుర్తున్న ఎవరైనా అడగవలసిన ప్రశ్నే. దానికి టెవిస్ నిర్వాహకులు ఇచ్చిన జవాబే ఈ ఆటను మిగతా గుర్రపు పందేల నుంచి వేరుచేసింది. దారిలో అధికారం రౌతు చేతిలోంచి తీసి పశువైద్యుడి చేతికిచ్చారు.

దారిలో గుర్రాలను పరీక్షించే మజిలీలో జరిగేది చూస్తే ఈ మార్పు ఎంత పెద్దదో తెలుస్తుంది. రౌతు దిగుతాడు. జీను విప్పి గుర్రం మెడ మీద, రొమ్ము మీద నీళ్లు పోస్తాడు. వైద్యుడు ముందరి ఎడమ మోచేతి వెనక స్టెతస్కోపు పెడతాడు. ఊరికే నిలబడినప్పుడు గుర్రం గుండె నిమిషానికి సుమారు 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. కొండెక్కుతుంటే 150 దాటడం మామూలే. ఆగాక ఇచ్చిన గడువులోపు అది 60, 64 దగ్గరికి దిగాలి. దిగకపోతే ముందుకు పంపరు. తర్వాత మెడ చర్మం చిటికెతో లాగి వదిలి, ఎంత త్వరగా సర్దుకుంటుందో చూస్తారు. పైపెదవి ఎత్తి చిగురు నొక్కి, తెల్లబడ్డ చోట ఎర్రదనం తిరిగి రావడానికి ఎన్ని క్షణాలు పడుతుందో లెక్కపెడతారు. డొక్కకు స్టెతస్కోపు ఆనించి పేగుల చప్పుడు వింటారు. చప్పుడు లేకపోతే అది అపాయపు గుర్తు. చివరగా గుర్రాన్ని కళ్లెం పట్టుకుని ట్రాట్ అనే వేగపు నడకలో కొంత దూరం తీసుకెళ్లి తెస్తారు. ఒక కాలు మీద బరువు మోపడానికి వెనకాడినా కుంటి గుర్రంగా లెక్కే, ఆట అక్కడికి సరి.

కెర్రీ రిడ్జ్‌వే అనే పశువైద్యుడు ఈ నడకకే మరో పరీక్ష జోడించాడు. నాడి చూసి, గుర్రాన్ని 125 అడుగులు ట్రాట్ చేయించి వెనక్కి తెచ్చి, మొదలుపెట్టిన నిమిషానికి మళ్లీ నాడి చూస్తారు. బాగున్న గుర్రానికి రెండు అంకెలూ ఒకటే, లేదా రెండోది తక్కువ. రెండోది బాగా పెరిగితే, పైకి కనబడని నొప్పో అలసటో లోపల ఉందన్నమాట.

కనబడని అలసట గురించి తెలిసేకొద్దీ ఈ పరీక్షలు ఎంత అవసరమో తేటపడింది. వేడిలో పని చేసే గుర్రం గంటకు 10 నుంచి 15 లీటర్ల చెమట వదలగలదు. మనిషి చెమటలో ఉప్పు రక్తంలో కన్నా పలచన. అందుకే చెమట పోయేకొద్దీ మన రక్తం చిక్కబడి దాహం వేస్తుంది. గుర్రం చెమటలో ఉప్పు దాదాపు రక్తంలో ఉన్నంత, లేదా ఇంకొంచెం ఎక్కువ. నీళ్లతో పాటు ఉప్పూ అదే పాళ్లలో పోవడం వల్ల దాని ఒంటికి దాహం సంగతి తెలియదు. ఎండిపోతున్న గుర్రం తొట్టి ముందు నిలబడి కూడా నీళ్లు ముట్టకపోవచ్చు. పైగా రౌతు రమ్మంటే వస్తుంది. ముందు పోయే గుర్రాల వెంట పరుగెత్తాలన్న మంద స్వభావమూ ఉంది. తాను అలిసిపోయానని గుర్రం చెప్పదు, చాలాసార్లు దానికే తెలియదు. 1892లో చనిపోయిన గుర్రాల్లో ఎన్ని ఇలాగే చివరి మైలు దాకా ముందుకు పోతూనే ఉన్నాయో అనిపిస్తుంది.

1964లో టెవిస్ నిర్వాహకులు రెండో కప్పు పెట్టారు. లాయిడ్ టెవిస్ భాగస్వామి జేమ్స్ బెన్ అలీ హాగిన్ పేరున హాగిన్ కప్. మొదటి పదిమందిలో ఎవరి గుర్రం అన్నిటికన్నా మంచి స్థితిలో ఉందో మర్నాడు పరీక్షించి ఇచ్చేది. గుర్రాలు తెలిసినవాళ్లు చాలామంది టెవిస్ కప్పు కన్నా హాగిన్ కప్పునే గొప్పగా తలుస్తారు.

ఈ ఆటలో ఆడవాళ్లకు వేరే వర్గం ఏనాడూ లేదు. 1961లోనే డ్రుసిల్లా బార్నర్ టెవిస్ గెలిచింది. డెబ్బైల్లో డోనా ఫిట్జ్‌జెరాల్డ్ విటెజారిఫ్ అనే ఒకే గుర్రం మీద ఆరుసార్లు గెలిచింది. ఆరుసార్లూ అదే గుర్రం, ఆ రాళ్ల బాట మీద. ఒక గుర్రాన్ని అన్నేళ్లు ఆరోగ్యంగా నిలబెట్టడం ఏ వేగపు రికార్డుకూ తీసిపోదు.

ఆబర్న్ ముచ్చట ఆస్ట్రేలియా చేరింది. బూట్లు, జీనులు తయారుచేసే ఆర్.ఎం. విలియమ్స్ అక్కడ ఇలాంటి పోటీ తలపెట్టాడు. కింబర్లీ ప్రాంతపు పశువుల ఆసామి టామ్ క్విల్టీ బంగారు కప్పుకు వెయ్యి పౌండ్లు ఇచ్చాడు. 1966లో న్యూ సౌత్ వేల్స్‌లో జరిగిన ఆ మొదటి వంద మైళ్ల పోటీని గేబ్రియల్ స్టెకర్ షలావీ అనే అరబ్బీ గుర్రం మీద గెలిచాడు. జీను వేయకుండా, వట్టి వీపు మీద కూర్చుని.

టెవిస్ బాట మీద ఇంకో ఆట కూడా పుట్టింది. 1974లో గోర్డీ ఎయిన్స్‌లీ గుర్రం లేకుండా రౌతుల మధ్య పరుగెత్తుతూ అదే దారిని 23 గంటల 42 నిమిషాల్లో పూర్తిచేశాడు. వంద మైళ్ల పరుగు పందేల్లో తొలివాటిలో ఒకటైన వెస్టర్న్ స్టేట్స్ అలా మొదలైంది. దారిలో ఆపి పరుగెత్తేవాళ్ల బరువు తూచి, నీరసించినవాళ్లను ఆపేసిన పాత పద్ధతిలో గుర్రాల మజిలీ నీడ కనబడుతుంది.

తర్వాత అంతర్జాతీయ అశ్వక్రీడల సమాఖ్య ఎండ్యూరెన్స్‌ను గుర్తించింది. 1986లో ఇటలీలో తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది. 1998లో ఆ పోటీలు అరబ్ ఎమిరేట్స్‌కు వెళ్లాయి. అరబ్బీ గుర్రం తాను పుట్టిన ఎడారికి తిరిగొచ్చినట్టయింది. అయితే కొండలూ రాళ్లూ లేని చదును ఇసుక మీద పోటీ వేగం పెరిగింది. డబ్బు పెరిగింది. 1892 నాటి నియమం, ముందు చేరినవాడిదే గెలుపన్నది, మళ్లీ తలెత్తింది. కాళ్లు విరిగిన గుర్రాల వార్తలు వరసగా వచ్చాయి. 2015 మార్చిలో ఎమిరేట్స్ జాతీయ సమాఖ్యను అంతర్జాతీయ సమాఖ్య సస్పెండ్ చేసి, కొన్ని నెలల తర్వాత షరతులతో తిరిగి చేర్చుకుంది. 2018 సెప్టెంబరులో అమెరికాలోని ట్రయన్‌లో ప్రపంచ పోటీ గందరగోళంగా మొదలై, వేడి, తేమ భరించలేని స్థాయికి చేరడంతో సగంలో రద్దయింది. 50కి పైగా గుర్రాలకు చికిత్స చేయాల్సి వచ్చింది. ఒక గుర్రం చనిపోయింది. స్టెతస్కోపు పట్టుకున్న వైద్యుడు మజిలీలో ఉన్నా, రెండు మజిలీల మధ్య రౌతు ఎంత వేగంగా తోలుతాడన్నది అతని చేతిలో లేదు. ఆ భాగాన్ని నియమాలు ఇంకా సరిగా పట్టుకోలేదు.

టెవిస్ మాత్రం వేసవి పున్నమికి అలాగే జరుగుతోంది. ప్రతి ఏటా బయల్దేరినవాటిలో దాదాపు సగం గుర్రాలే చివరికి చేరతాయి. మిగతావి ఏదో ఒక మజిలీలో ఆగి, ట్రైలర్లలో ఇంటికి వెళ్తాయి. ఆబర్న్ మైదానంలో గీత దాటాక కూడా పని పూర్తి కాదు. వెండెల్ రోబీ 1984లో కన్నుమూసేనాటికి స్థిరపడిన పద్ధతే ఇప్పుడూ నడుస్తోంది. రాత్రి ఏ వేళకు చేరినా రౌతు దిగి, జీను విప్పి, దీపాల వెలుగులో గుర్రాన్ని వైద్యుడి ముందు నిలబెట్టాలి. వైద్యుడు గుండె వింటాడు, చర్మం లాగి చూస్తాడు, ఒకసారి నడిపించమంటాడు. కళ్లెం పట్టుకున్న మనిషి కాళ్లీడ్చుకుంటూ ముందు పరుగెడతాడు, వెనక గుర్రం నాలుగు గిట్టలూ సమంగా మోపుతూ వస్తుంది. ఇంకో మైలు పోవలసి వస్తే పోగల స్థితిలో గుర్రం ఉందని వైద్యుడు తలూపితేనే వంద మైళ్లు నడిచినట్టు పుస్తకంలో రాస్తారు.